తోక తెగిన వాక్యంతో బెజవాడ ప్రయాణం

ఖురాన్ వ్యాఖ్యానంలో కొత్త భాషాశాస్త్ర పద్ధతుల మీద గవర్నర్‌పేటలో సదస్సు పెట్టి, నన్నూ పత్రం చదవమన్నారు. ఉదయం ఆరింటికి బందరులో బస్సెక్కాను. ఉయ్యూరులో చెరకు ట్రాక్టర్లు అడ్డం పడి అరగంట పోయింది. బెజవాడ చేరేసరికి ఎనిమిదిన్నర. బస్టాండు హోటల్లో ఇడ్లీ చల్లారిపోయింది, చట్నీ అయిపోయిందన్నారు. వెళ్ళేవాళ్ళు ఇంట్లోనే తిని బయల్దేరండి.

హాలు గుమ్మంలో సావనీరు చేతికిచ్చారు. నా పేరు కింద నా పత్రంలోంచి ఒకే ముక్క: "పాత వ్యాఖ్యానాలతో మనకిక పనిలేదు." నేను రాసింది "పాత వ్యాఖ్యానాలతో మనకిక పనిలేదు అనేవారి మాట తప్పు" అని. చివర కోసేశారు. శుక్రవారం మసీదులో నా పక్కన నిలబడేవాళ్ళంతా ఇది చదువుతారు.

కార్యదర్శిని నిలదీశాను. పేజీలో చోటు చాలలేదట.

"చిన్న విషయం మాస్టారూ, వచ్చేసారి సరిచేద్దాం."

పోయినసారి నా ఇంటిపేరు తప్పు వేసినప్పుడూ ఇదే మాట.

నా పత్రమంతా దీని గురించే. ఏ వాక్యాన్నయినా ముందూ వెనకా కలిపి చదవాలని. వేదికెక్కి చెప్పాను: "'నమాజు చేసేవారికి వినాశం' అని ఉంది. అక్కడే ఆపితే మసీదుకి తాళం వేసుకోవాలి. 'తమ నమాజు పట్ల ఏమరుపాటుగా ఉండేవారికి' అని తర్వాతి వాక్యం." సావనీరు సంగతి ఎత్తబోయేలోగా టైమైందని గంట కొట్టారు.

భోజనాల దగ్గర పక్కన కూర్చున్న పామర్రు బట్టల వ్యాపారి గౌస్ గారు నన్ను చూసి ప్లేటు తీసుకుని అవతలికి పోయారు. ఆయన పిల్లలిద్దరికీ హైస్కూల్లో తెలుగు చెప్పింది నేనే.

పంచగా మిగిలిన సావనీర్ల కట్టలు ముందేసుకుని కూర్చున్నాను. ఒక్కోదాంట్లో తెగిన మాటలు పెన్నుతో రాశాను.

"ఎన్నని రాస్తారండీ?" అన్నాడు కార్యదర్శి.

"మీరు అచ్చేసినన్ని."

నాలుగింటి బస్సు పోయింది. ఐదుంపావు బస్సులో ఖాళీగా ఉన్నది గౌస్ గారి పక్క సీటొక్కటే. ఆయన కిటికీ వైపు తిరిగారు. ఆయన సావనీరు అడిగి తీసుకుని, రాసి ఇచ్చాను. కంకిపాడు దాటాక గాని చదవలేదు.

"ఇదా మీరన్నది? మరి చెప్పరేం?"

"మీరు అడిగారా?"

ఉయ్యూరులో ఆయనే దిగి రెండు గ్లాసుల చెరకురసం తెచ్చారు. తాగాను. ప్లేటు సంగతి మాత్రం మర్చిపోలేదు.

పామర్రులో దిగబోతూ ఆగారు. వాళ్ళ బావమరిది మధ్యాహ్నమే ఒక కాపీ అవనిగడ్డ పట్టుకెళ్ళాడట.

సదస్సు బాగానే జరిగిందని రేపు పేపర్లో వేస్తారు. బందరులో దిగగానే, అవనిగడ్డకి మొదటి బస్సు ఎన్నింటికని కండక్టర్ని అడిగాను.