ఆగ్నేయం మూల జనరేటరు

మా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడరు. కాపురానికి వచ్చిన కొత్తలో అది చూసి మురిసిపోయాను. ఇప్పుడు అదే తలుచుకుంటే ఒళ్లు మండుతోంది. పాప నిద్రపోయింది. ఊపిరి మామూలుగానే ఉంది, వీపు మీద చెవి పెట్టి విన్నాను. ఇంట్లో దీపాలన్నీ ఆరాక, పగలు అనలేకపోయినవి రాసుకుంటున్నాను.

పాపకి మూడేళ్లు. వాన పట్టిందంటే ఆయాసం వస్తుంది. గుండెల్లో పిల్లికూతలు మొదలవగానే నెబ్యులైజర్ పెట్టాలి, ఆలస్యం చేస్తే పెదాలు నల్లబడతాయి. మొన్నటి తుపానుకి మా రాజోలు వైపు కొబ్బరిచెట్లు కరెంటు స్తంభాల మీద పడిపోయాయి. ఇన్వర్టరు కాసేపటికే చేతులెత్తేసింది. పాపని ఒళ్లో వేసుకుని, నీళ్లు పారుతున్న రోడ్డు మీద కారులో అమలాపురం ఆసుపత్రికి వెళ్లాం. కారు నడిపింది మావయ్యగారే. దారంతా అద్దంలో పాప ముఖం చూసుకుంటూనే నడిపారు. పాప తేరుకుని ఇంటికి వచ్చాక, "మళ్లీ ఇలా జరక్కూడదమ్మాయ్" అని ఆయనే వెళ్లి డీజిల్ జనరేటరు కొనుక్కొచ్చారు. మనవరాలంటే ఆయనకి ప్రాణం. అది అబద్ధం అయి ఉంటే నాకు ఇంత కోపం ఉండేది కాదు.

దాన్ని ఇంటి కరెంటుకి కలపడానికి మా ఊళ్లో మోటార్లు బాగుచేసే ఆయన వచ్చాడు. రెండు కొసలకీ పిన్నులున్న తీగ ఒకటి చేసి, ఒక కొస జనరేటరులో, రెండో కొస గోడ ప్లగ్గులో గుచ్చితే చాలన్నాడు. "ఊరంతా అంతేనండీ, ఎవరికేమయిందండీ?" అన్నాడు. మెయిన్ ఆపడం ఒక్కసారి మర్చిపోతే ఆ కరెంటు వెనక్కి వీధి లైన్లోకి పోతుంది. లైన్లో కరెంటు లేదనుకుని స్తంభం ఎక్కిన మనిషి అక్కడే పోతాడు. వద్దన్నాను. లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ కావాలని పట్టుబట్టి, అమలాపురంలో వాకబు చేసి పిలిపించాను. అప్పుడు ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. నాకు కావలసింది లైసెన్సు ఒక్కటే కాదు. మా మావయ్యగారి ముందు నిలబడి "ఇది కుదరదండీ" అనగలిగే మనిషి కావాలి. ఆ మాట నేనంటే పిల్ల మీద గారాబం కొద్దీ అంటున్నాననుకుంటారు. లైసెన్సు ఉన్నాయన అంటే వింటారనుకున్నాను.

ఆయన వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మోటారుసైకిల్ మీద సామాన్ల సంచీ, నోటినిండా అండీలు. జనరేటరు చుట్టూ తిరిగి మెచ్చుకున్నాడు.

"దీన్ని స్టార్ట్ చేస్తే ఇంక మీ వీధికి కోడి కూయక్కర్లేదండి. ఎక్కడ పెడదామంటారు పెద్దాయనగారూ?"

"అగ్గి కదండీ, ఆగ్నేయంలోనే ఉండాలి" అన్నారు మావయ్యగారు. "సిద్ధాంతిగారు గీసిచ్చింది అంగుళం దాటకుండా కట్టేమండి ఈ ఇల్లు."

"ఆయ్. బాగుందండి."

ఆగ్నేయం మూలన వంటగది. దాన్ని ఆనుకుని పాపా నేనూ పడుకునే గది. ఆ గది కిటికీ కింద, ఇంటికీ ప్రహరీకీ మధ్య సన్నటి సందు. అక్కడ ఆరేసిన బట్టలు కూడా సరిగ్గా ఆరవు.

"అక్కడ పెడితే పొగంతా గదిలోకి వస్తుంది కదండీ?" అన్నాను.

ఆయన నావైపు చూశాడు. జవాబు మాత్రం మావయ్యగారికి చెప్పాడు. "స్టార్టింగులో కొంచెం వస్తదండి. తర్వాత అలవాటైపోద్ది."

"పొగకి భయపడితే మేం కట్టెలపొయ్యి మీద ఇంతమందికి వండేమా?" అన్నారు అత్తయ్యగారు గుమ్మంలోంచి.

"ఇది ఆ పొగ కాదు అత్తయ్యగారూ. ఇందులో కంటికి కనపడని, వాసన రాని విషం ఉంటుంది. కార్బన్ మోనాక్సైడ్ అంటారు."

"విన్నారాండీ, మా కోడలు పొగక్కూడా పేరెట్టింది!"

అందరూ నవ్వారు. ఎలక్ట్రీషియన్ కూడా నవ్వాడు. "మేడంగారు ఏం చదివేరండీ?" అని అడిగాడు, మళ్లీ మావయ్యగారినే.

"కెమిస్ట్రీ అండి, బీఎస్సీ" అన్నారాయన గర్వంగానే.

"అదీ సంగతి" అన్నాడు. తాడుతో సందు కొలవడం మొదలుపెట్టాడు.

మా ఆయన ఓడలరేవు దగ్గర గ్యాస్ ప్లాంటులో షిఫ్టు ఉద్యోగి. కాగితం మీద సంతకం పడందే అక్కడ వెల్డింగు నిప్పురవ్వ కూడా లేవదని ఆయనే చెబుతుంటారు. ఫోన్ చేశాను.

"నువ్వన్నది కరెక్టే" అన్నారు. "మా దగ్గరైతే ఒప్పుకోరు. కానీ నాన్నగారితో నేనేం చెప్పను? అది ఆడినంతసేపూ కిటికీ మూసేసుకో."

"ఊపిరాడని పిల్లకి కిటికీ మూసెయ్యమంటున్నారా?"

"డ్యూటీలో ఉన్నాను, తర్వాత మాట్లాడతాను."

ఎలక్ట్రీషియన్ పనిలో వంక పెట్టడానికి లేదు. మీటరు పక్కన చేంజోవర్ స్విచ్ బిగించాడు. హ్యాండిల్ పైకి ఉంటే వీధి కరెంటు, కిందికి లాగితే జనరేటరు, రెండూ ఒక్కసారి కలిసే వీల్లేదు. ఎర్తింగుకి గొయ్యి తీయించి ఉప్పూ బొగ్గూ వేశాడు. ప్రతి తీగనీ రెండుసార్లు లాగి చూశాడు. స్తంభం ఎక్కేవాడి ప్రాణం గురించి అంత శ్రద్ధ ఉన్న మనిషి, ఆ మిషన్ని పసిపిల్ల మంచానికి చేతికందే దూరంలో దించాడు. చూస్తున్నకొద్దీ నాకు కోపం పెరిగింది. తెలియనివాడైతే క్షమించేదాన్ని.

స్టార్ట్ చేశారు. కిటికీ చువ్వలు అదిరాయి. పాప మంచం మీద బొమ్మలతో ఆడుకుంటోంది. నల్లటి పొగ ఒక్క తెరలా లోపలికి వచ్చింది. పాప దగ్గింది. మొదటిది మామూలు దగ్గు. రెండోది నాకు తెలిసిన దగ్గు. ఎత్తుకుని వీధి అరుగు మీదికి పరిగెత్తాను. మావయ్యగారు వెనకాలే వచ్చారు. మనవరాలి ముఖంలోకి వంగి చూశారు. తర్వాత నాతో అన్నారు:

"ముందే కిటికీ మూసుకోవాలమ్మా. అలవాటు చేసుకోవాలి."

బయటి గాలికి దగ్గు కాస్త తగ్గాక, పాపని అత్తయ్యగారి చేతుల్లో పెట్టి పెరట్లోకి వెళ్లాను. మిషన్ మోతలో వినపడాలంటే అరవాలి. అరిచాను.

"మీకు పిల్లలున్నారా?"

"ఇద్దరండి."

"ఇది ఆడుతుంటే వాళ్లని ఈ గదిలో పడుకోబెడతారా?"

ఆయన వంగి జనరేటరు ఆపాడు. చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు. "పడుకోబెట్టనండి" అన్నాడు.

"మరి మొదట్లోనే ఎందుకు చెప్పలేదు?"

"పెద్దాయనగారు చోటు చూపించేక కాదంటే ఏం బాగుంటుందండి? మీరూ మీరూ తేల్చుకుంటారనుకున్నాను."

"తీగలు కలపడానికే అయితే మా ఊరి మోటార్లాయన చాలు కదండీ! మిమ్మల్ని అంత దూరం నుంచి ఎందుకు పిలిపించినట్టు?"

మావయ్యగారు గుమ్మంలో నిలబడి అంతా విన్నారు. "ఇంటికొచ్చిన మనిషితో మాట్లాడే పద్ధతి ఇదేనామ్మా?" అన్నారు. గొంతు పెంచలేదు. లోపలికి వెళ్లి పడక్కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకున్నారు. పడుకోబెట్టను అని ఆ మనిషి అన్న మాట ఒక్కరూ ఎత్తలేదు. నేను అరవడమే అందరికీ తప్పయింది. "ఇంక ఈ పూట ఆయన అన్నం ముట్టరు చూడు" అన్నారు అత్తయ్యగారు, పాప వీపు రాస్తూనే. ఆయన ముట్టలేదు.

అప్పుడు నేను చేసిన పని నాకే రోత. వంటింట్లో పంచాంగం కేలెండరు మీద సిద్ధాంతిగారి నంబరు ఉంటుంది. దానికి ఫోన్ చేశాను.

"ఆగ్నేయంలో వీలు కాకపోతే జనరేటరు ఎక్కడ పెట్టుకోవచ్చండీ?"

"వాయవ్యంలో పెట్టుకోండమ్మా, పనికొస్తుంది. ఏం, అక్కడ చోటు లేదా?"

"ఉందండి."

"మరింకేం?"

పొగ సంగతి, పాప సంగతి చెప్పబోయాను. ఆయన అడగలేదు. వాయవ్యం మూల మేం కొబ్బరికాయలు పోగేసే చోటు. నాలుగు వైపులా గాలి, దగ్గర్లో ఒక్క కిటికీ లేదు. లైను కట్ చెయ్యకుండా ఫోన్ తీసుకెళ్లి మావయ్యగారి చేతికిచ్చాను.

"ఆయ్... ఆయ్... తప్పకుండానండి" అన్నారు. ముఖం విప్పారింది. లేచి పెరట్లోకి వెళ్లి, "ఇటు మార్చెయ్యండి" అన్నారు.

"ఆయ్. ఇదే బెస్టండి పెద్దాయనగారూ" అన్నాడు ఎలక్ట్రీషియన్. "నేను ముందే అనుకున్నాను." తీగ సరిపోదు, పొడుగుది తెస్తానని బండెక్కి వెళ్లాడు. మర్నాడు తెచ్చి శుభ్రంగా పని పూర్తి చేశాడు.

"చూసేవా, నాన్నగారు విన్నారు కదా" అన్నారు మా ఆయన ఫోన్లో. నేను ఫోన్ పెట్టేశాను.

ఆ తర్వాత వానలు పడ్డాయి, కరెంటు పోయింది, హ్యాండిల్ కిందికి లాగాను. నెబ్యులైజర్ ఆగకుండా పనిచేసింది. పాప ముఖానికి మాస్కు పట్టుకుని మావయ్యగారే పక్కన కూర్చున్నారు, "పీల్చమ్మా, నా బంగారం, పీల్చు" అంటూ. కొత్తపేట నుంచి చుట్టాలు వస్తే పెరట్లోకి తీసుకెళ్లి చూపించారు. "పొగ పిల్లకి తగలకూడదని ఇటువైపు పెట్టించేనండి" అన్నారు. ఆ మాట ఆయన నమ్మే అంటున్నారు. నేను కాఫీ గ్లాసులు అందించాను.

ఆ రోజు పాప దగ్గు ఆయనకి వినపడింది. వంగి ముఖం చూశారు కూడా. అది చాల్లేదు. నా చదువు చాల్లేదు, లైసెన్సు ఉన్న మనిషి నోటితో చెప్పింది చాల్లేదు. సిద్ధాంతిగారు ఆ పూట తొందరలో ఉండి "కుదరదమ్మా, ఆగ్నేయమే" అని ఉంటే?

ఈ ప్రశ్న ఎవరినీ అడగలేదు. అడిగితే ఏమంటారో తెలుసు. "అనలేదు కదమ్మా" అంటారు.