సార్ లాగిన డిస్కు

అరకులో ఒక కాఫీ కంపెనీలో పనిచేస్తున్నాను. ఆఫీసు ఫైళ్ళన్నీ ఒకేచోట దాచుకోవడానికి, ఉచితంగా దొరికే ఓపెన్ సోర్స్ స్టోరేజ్ సాఫ్ట్‌వేర్లు రెండింటిని రెండు పాత కంప్యూటర్లలో ఎక్కించి పోల్చి చూశాను. ఒకటి తేలిగ్గా నడిచింది. రెండోది మెమరీ బాగా తినేది కానీ, కరెంటు ఎన్నిసార్లు పోయినా ఫైళ్ళు చెడనివ్వలేదు. దానికి జంట డిస్కులు పెట్టాను, ఒకటి పోయినా రెండోది కాపాడుతుందని. తేలికపాటి దానికి ఒక్క డిస్కే మిగిలింది.

మీటింగులో మా మేనేజరు లేచి, "ఈ టెస్టింగంతా నేనే చేశాను మేడమ్" అన్నాడు ఓనరుతో. నాకు ఒళ్ళు మండిపోయింది. "డిస్కు లాగేసినా ఫైళ్ళు పోవు, చూడండి" అంటూ బల్ల మీది కంప్యూటరు వైపు చెయ్యి చాపాడు. ఒక్క డిస్కే ఉన్నదాని వైపు!

నేను డిస్కులు బిగించిన రోజు పక్కనుండి చూసిన అకౌంటెంట్ రత్నమక్క నన్ను గిల్లింది. "ఏటే గుంటా, అలా సూత్తన్నావు? బేగి సెప్పు!"

"ఉండక్కా, సార్ సేసిన టెస్టింగు గదా, సూద్దాం" అన్నాను.

లాగాడు. తెర మీద ఫైళ్ళు మాయమయ్యాయి. కంగారులో డిస్కు చేజారి గచ్చు మీద పడి పాడైంది. అందులో ఉన్నవి టెస్టింగు కోసం ఆయనే ఇచ్చిన వాళ్ళ గృహప్రవేశం వీడియోలు. "అయ్యో, ఫోన్లోవి కూడా తీసేశానే!" అని ఆయన తల పట్టుకుంటే నాకు కడుపు నిండినట్టయింది.

జాలి పడాలేమో. పడలేదు. ఆ వీడియోల కాపీ నా దగ్గర ఉందని ఆయనకింకా తెలీదు. టెస్టింగు చేసింది నేనని మేడమ్ ముందు చెప్పి అడిగితే ఇస్తాను. ఈ పత్రిక సార్ వాళ్ళింటికి వస్తుంది కాబట్టే ఇక్కడ రాస్తున్నాను.

– కె. సువార్త, అరకులోయ