కత్తెర పడే చోటు

కొత్త చీరాల చీర మడత విప్పగానే గంజి వాసన వస్తుంది. కొంగు చివర నేయకుండా వదిలిన దారాలు వేళ్ళకు తగులుతాయి. నాకు విశాలాక్షి మేడమ్ గుర్తొస్తారు.

గుంటూరులో ఆవిడ నడిపిన మొక్కల ప్రయోగశాలలో నేను కంప్యూటర్ పనికి చేరాను. డిగ్రీ పూర్తి కాలేదు. లెక్కలు సొంతంగా నేర్చుకున్నదాన్ని. మొదటి వారంలోనే ఆవిడ తెర మీద ఒక గుండ్రటి బొమ్మ చూపించారు. అది ప్లాస్మిడ్, మనకు కావలసిన జన్యువును బాక్టీరియాలోకి మోసుకెళ్ళే డీఎన్ఏ వలయం. అందులో ఒక చిన్న భాగాన్ని కోయడానికే ఉంచుతారు. అక్కడ కోసే ఎంజైములు ఆ వలయాన్ని ఇంకెక్కడా కోయవు.

"మా నాన్న మగ్గం మీద చీరకీ చీరకీ మధ్య కాస్త నేయకుండా వదిలేవారమ్మా. కత్తెర అక్కడే పడాలి. అప్పుడు రెండు చీరలూ దక్కుతాయి," అన్నారు.

తర్వాత కొన్నేళ్ళకు, ఒంగోలు వైపు ఒక మిరప చేనంతా ఆకుముడత తెగులుతో ముడుచుకుపోతే, నడుమ ఒక్క మొక్క మాత్రం ఆకులు విప్పుకుని నిలబడింది. దాన్నుంచి తీసిన జన్యువు ఒక్క చిన్న గొట్టంలో, అడుగున కాస్త మిగిలింది. మళ్ళీ తీద్దామంటే ఆ చేను దున్నేసి పత్తి వేశారు. మేడమ్ ఆ నెలాఖరుకి రిటైరవుతున్నారు. వెళ్ళేలోగా ఆ జన్యువును తన చేత్తో వలయంలో చేర్చాలని ఆవిడ ఆశ. ఫ్రిజ్‌లో ఉన్నది ఒకే ఎంజైము. వలయాన్నీ, జన్యువు రెండు కొసల్నీ దాంతోనే కోయాలి. వేరేది తెప్పిస్తే ఆలోగా రాదు.

ఆ ఎంజైము ఆరు అక్షరాల వరసను గుర్తుపట్టి కోస్తుంది. మా జన్యువు నడుమ అందులో నాలుగు అక్షరాలు ఉన్నాయి. మిగతా రెంటినీ, డీఎన్ఏ అక్షరాలు చదివే యంత్రం మసకగా చదివింది. అవి కూడా కలిస్తే జన్యువే రెండు ముక్కలవుతుంది.

"ఒక్కో చోట నాలుగక్షరాల్లో ఏదైనా ఉండొచ్చు. పదహారింట పదిహేను వంతులు భయం లేదండీ, కోసేద్దాం," అన్నాను. ఆవిడ ఆశ నాకు తెలుసు.

"ఆ ఒక్క వంతే మనకు పడితే? మొక్క కోసం పత్తి చేలో వెతుకుతావా? ఆ గీతలు పెద్దవి చేసి చూడు తల్లీ."

యంత్రం గీసిన అలల్ని పెద్దవి చేసి, ఒక్కొక్క శిఖరాన్నీ చూశాను. ఆ రెండూ సరిగ్గా ఎంజైము కోసే వరసలోని అక్షరాలే. ఆవిడే గొట్టాన్ని మంచులోంచి తీసి, తుడిచి, ఫ్రీజర్‌లో పెట్టారు.

"పోన్లే. నా చెయ్యి కాకపోతే నీ చెయ్యి."

కొత్త ఎంజైము ఆవిడ వెళ్ళాకే వచ్చింది. దాంతో నేనే కోసి, జన్యువును వలయంలో చేర్చి బాక్టీరియాలోకి పంపాను. ఖాళీ వలయం ఉన్న బాక్టీరియా పళ్ళెంలో నీలం చుక్కలుగా పెరుగుతుంది, జన్యువు చేరితే తెల్లగా. పళ్ళెంలో నీలం చుక్కల మధ్య తెల్లచుక్కలు కనబడ్డాయి. వాటిలో జన్యువును చివరిదాకా చదివి మేడమ్‌కి ఫోన్ చేశాను.

"తెగకుండా ఉందా?"

"మొత్తం ఉందండీ."

"అన్నం తిన్నావా?" అన్నారు.

ఇప్పటికీ లెక్కలు వేస్తూనే ఉన్నాను. లెక్క ఎంత ధైర్యం చెప్పినా, కత్తెర పట్టే ముందు నేత ఎక్కడ ఆగిందో వేలితో తడిమి చూస్తాను.