ఆ చక్రం మెగ్నీషియంది కాదు

పదకొండేళ్లుగా ఒక వాక్యం నన్ను వదలడం లేదు. నేను రాసిందే. కాలేజీ కాగితం మీద, నా గుండ్రటి చేతిరాతలో, కింద సంతకం పెట్టి మరీ రాశాను. అది అబద్ధమని రాసేటప్పుడే తెలుసు. మా ఆయనకు చెప్పలేదు, చెల్లెలికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

ముందు నా గొప్ప కాస్త చెప్పుకోనివ్వండి. తప్పు అందులోంచే పుట్టింది.

రామంతాపూర్‌లో ఒక పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ పాఠాలు చెబుతాను. నేను చేరేనాటికి ఆ విభాగంలో ఆడమనిషి లేదు. మొదటి వారమే ఎవరో బోర్డు మీద 'వంటిల్లు పక్క గదిలో' అని రాసిపెట్టారు. తుడిచేశాను. కొంగు బిగించి, అందరి ముందూ ఇంజను విప్పి, మళ్లీ బిగించి స్టార్ట్ చేసి చూపించాను. ఆ తర్వాత నా క్లాసులో ఎవరూ నవ్వలేదు. ఈరోజుకీ ఉప్పల్ నుంచి నాచారం దాకా ఏ మెకానిక్ షెడ్డుకు వెళ్లినా ఒకడైనా లేచి 'నమస్తే మేడం' అంటాడు. ఆ నమస్తే అంటే నాకు ఇష్టం. దాచుకోవడం దేనికి?

లావణ్య ఆ ఏడాది క్లాసులో ఒక్కతే ఆడపిల్ల. పేరు మార్చి రాస్తున్నాను. ఉప్పల్‌లో వాళ్ల నాయనకు టైర్ల దుకాణం ఉండేది. ఎక్కువ మాట్లాడేది కాదు. నోట్సులో నేను చెప్పనివి కూడా రాసుకునేది.

ఆరోజు చక్రాల పాఠం. మామూలు కారు చక్రాలు ఉక్కు రేకుతో చేస్తారనీ, అలాయ్ చక్రాలు మెగ్నీషియంతో పోత పోస్తారనీ ఏటా చెప్పినట్టే చెప్పాను. లావణ్య చెయ్యెత్తింది.

"మేడం, అలాయ్ చక్రం మెగ్నీషియంది గాదు. అల్యూమినియంది."

"ఎవరు చెప్పారు నీకు?"

"ఎవ్వలు జెప్పలే. నేనే సూసిన. జర మీరు గూడ సూడుండ్రి మేడం."

నా పాత నోట్సు ముందే చదివి వచ్చినట్టుంది, సంచిలోంచి విరిగిన అలాయ్ చక్రం ముక్క తీసింది. పెయింటు పోయేదాకా ఆకురాయితో గీకింది. దాని పక్కన కెమిస్ట్రీ ల్యాబ్‌లో అడిగి తెచ్చుకున్న మెగ్నీషియం రిబ్బను పెట్టింది. రెండింటి మీదా చిన్న సీసాలోంచి సిర్కా, అదే వెనిగర్, పోసింది. రిబ్బను మీద బుసబుసమని నురగ లేచింది. చక్రం ముక్క మీద ఒక్క బుడగ రాలేదు.

"సూసిన్రా మేడం? మెగ్నీషియం అయితే గిట్ల పొంగుతది. మా దుకాణంల ఎన్ని చక్రాల మీద పోసినా పొంగలే."

వెనక బెంచీలో ఎవరో నవ్వారు. ఆ నవ్వు ఆమెను చూసా, నన్ను చూసా? నన్ను చూసే అనిపించింది. అన్నేళ్ల కష్టం ఒక్క నవ్వుతో పోయినట్టు ఒళ్లు మండింది.

"సిర్కాలూ పసుపులూ వంటింట్లో పెట్టుకో. ఇది క్లాసు. కూర్చో" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. ఎవరో బోర్డు మీద రాస్తే నేను పళ్లు కొరికిన మాటే. ఈసారి క్లాసంతా పడిపడి నవ్వింది. లావణ్య చున్నీతో బల్ల తుడిచి, ముక్కను సంచిలో వేసుకుని కూర్చుంది.

మధ్యాహ్నం లైబ్రరీకి వెళ్లాను. పుస్తకంలో స్పష్టంగా ఉంది. అలాయ్ చక్రాల్లో దాదాపు అంతా అల్యూమినియమే. కొంత సిలికాన్, చిటికెడు మెగ్నీషియం. ఒకప్పుడు పందెం కార్లకు మెగ్నీషియంతో చేసేవారు, ఆ పేరు జనం నోట నిలిచిపోయింది. తెలియకపోవడం తప్పు కాదు. మర్నాడు 'లావణ్య చెప్పిందే రైటు' అంటే నాకేం పోయేది? బహుశా గౌరవం ఇంకాస్త పెరిగేది. నేను మాత్రం నా నోట్సు గుట్టుగా దిద్దుకుని, మరుసటి ఏడాది పిల్లలకు అల్యూమినియం అని చెప్పాను, ఎప్పటినుంచో తెలిసినదానిలా.

అక్కడితో ఆగినా బాగుండేది.

చదువు ముగిసే ముందు, నాచారంలో చక్రాలు పోత పోసే ఒక కంపెనీ వాళ్లు ల్యాబ్‌లో పనికి బాగా చదివే ఒకరిని పంపమన్నారు. పేరు రాసిచ్చే పని నాకు అప్పగించారు. లావణ్య కోసమే పుట్టిన ఉద్యోగం అది. ఒక అబ్బాయి పేరు రాశాను. లావణ్య గురించి అడుగుతారేమోనని కింద ఒక వాక్యం కూడా చేర్చాను: 'తెలివి సామాన్యం, క్రమశిక్షణ లేదు.'

ఆమెకు పిలుపు రాలేదు. రెండేళ్లు నాయన దుకాణంలో చక్రాలు విప్పి బిగించింది. ఆటోలో అటు వెళ్తుంటే కనిపించేది. చేతికి నల్లటి గ్రీజు. నన్ను చూసి లేచి, "నమస్తే మేడం" అనేది. నేను తలూపి ముఖం తిప్పుకునేదాన్ని.

తర్వాత తన దారి తనే వేసుకుంది. దుకాణానికి వచ్చిన పగిలిన చక్రాలు నాలుగు మోసుకుని నాచారంలోనే పోత పోసే ఇంకో ఫౌండ్రీకి వెళ్లి, పోతలో గాలి బుడగలు ఎక్కడ చిక్కుకుని ఇవి పగిలాయో ఆ యజమానికి చూపించిందట. ఆయన మర్నాడే పనిలో పెట్టుకున్నాడు. ఇప్పుడు అక్కడ ఏ చక్రం బయటికి వెళ్లాలన్నా ఆమె సరే అనాలి. ఆ సంగతి విన్నప్పుడు నా ఛాతీ ఉప్పొంగింది. 'నా స్టూడెంటే' అని స్టాఫ్ రూమంతా చాటాను. ఎంత సిగ్గులేనితనం! అయినా ఆ సంతోషం మాత్రం అబద్ధం కాదు.

పోయిన నెల కాలేజీ వాళ్లు ఆమెను పిలిచి పిల్లలతో మాట్లాడించారు. మైకు పట్టుకుని, "ఆడపిల్ల గూడ ఇంజన్ విప్పొచ్చని నాకు జూపిచ్చింది మా మేడమే" అంది. హాలంతా చప్పట్లు. అందరూ నావైపు తిరిగారు. లేచి దండం పెట్టాను. గర్వంతో కళ్లు చెమ్మగిల్లాయి. ఆమె చెప్పింది నిజమే. నేను ఆమెకు చేసిందీ నిజమే.

వారం ఆగి నాచారం వెళ్లాను. ఫౌండ్రీ షెడ్డులో ఆమె ఒక కొత్త చక్రాన్ని వెలుతురుకు తిప్పి చూస్తోంది. కాగితం సంగతి, ఆ వాక్యం సంగతి, ఏదీ మింగకుండా చెప్పాను. ఆమె చక్రం మీదినుంచి చూపు తిప్పలేదు. దాన్ని ఇంకో పక్కకు తిప్పుతూ అంది:

"రెండేండ్లు నాకు సదువే రాదనుకున్న మేడం."

ఇంతలో లోపలినుంచి ఎవరో పిలిచారు. వెళ్లింది. షెడ్డు బయట చాలాసేపు నిలబడ్డాను. ఆమె మళ్లీ బయటికి రాలేదు. షేర్ ఆటో ఎక్కి ఇంటికి వచ్చేశాను.

క్షమించిందో లేదో తెలియదు. అడగను. అడిగే హక్కు నాకుందా? నా క్లాసులో కూర్చున్నవాళ్లందరిలో మేటి ఆమె. ఆమెను ఆపాలని చూసింది నేను. ఈ రెండు మాటలూ పక్కపక్కన పెట్టి చెప్పడం ఇన్నేళ్లూ నాకు చేతకాలేదు. ఇప్పుడు చెప్పాను.