తలా ఒక కిలో

మా అన్న గెబ్‌హార్డ్ పోయి మొన్న మార్చికి ఏడాదయింది. అతని తెల్ల ఏప్రన్లు రెండు నా దగ్గరే ఉన్నాయి. ఎన్నిసార్లు ఉతికినా భుజం పట్టీల దగ్గర పొగబెట్టిన మాంసం వాసన వదలదు. వదలాలని నేనూ గట్టిగా ఉతకడం లేదు.

సరస్సు పైనున్న మా ఊళ్ళో ఒకే ఒక మాంసం కొట్టు. ముందు మా నాన్నది, తర్వాత అన్నది. అన్న పెళ్ళి చేసుకోలేదు. మాటలు తక్కువ. ఎవరింట్లో ఎవరు మంచమెక్కారో వాళ్ళు కొనడం మానేసిన ముక్కను బట్టి అతనికి తెలిసిపోయేది. సరిహద్దు ఏడు కిలోమీటర్లు. దాటితే జర్మనీ, కాన్‌స్టాన్స్ పట్టణం, పెద్ద పెద్ద సూపర్‌మార్కెట్లు. ధరలు అక్కడ ఎప్పుడూ తక్కువే. అయినా రెండు వైపులా బతుకు సాగుతూ ఉండేది.

అప్పటిదాకా ఒక యూరో కొనాలంటే మా స్విస్ ఫ్రాంకు ఒకటి, దాని మీద ఇంకో ఐదో వంతు పెట్టేవాళ్ళం. మా కేంద్ర బ్యాంకు మూడేళ్ళకు పైగా ఆ రేటును పట్టి నిలబెట్టింది. రెండు వేల పదిహేను జనవరిలో ఒక గురువారం పొద్దున వదిలేసింది. మధ్యాహ్నానికి ఒక ఫ్రాంకు పెడితే దాదాపు ఒక యూరో. అన్న ఆ వేళ సాసేజ్‌లు నింపుతున్నాడు. ఇరవై ఏళ్ళుగా అతని దగ్గర పనిచేస్తున్న మిలొరాద్ రేడియో గొంతు పెంచాడు.

"మంచిదేగా గెబ్‌హార్డ్ గారూ, మన డబ్బుకి బలమొచ్చింది."

"శనివారం రానీ. ఆ బలం ఎటు పోతుందో చూద్దువుగాని."

శనివారం కార్లన్నీ సరిహద్దు వైపే బారులు తీరాయి. వేసవికి కొట్లో సగం బేరం లేదు. కుక్కకు ఎముకలు కావాలని మాత్రం వచ్చేవాళ్ళు, ఎముకలు ఊరికే ఇస్తాడు కాబట్టి. నేను పనిచేసే పంపుల ఫ్యాక్టరీ సరుకంతా జర్మనీకే పోతుంది. రేటు మారాక మా సరుకు వాళ్ళకు మోయలేని ధర అయింది. వారానికి మూడు గంటలు ఎక్కువ పనిచెయ్యండి, జీతం మాత్రం అదే అన్నారు. చేశాం.

సెప్టెంబరులో అన్న నాతో అన్నాడు: "పాటల సంఘం విందు ఆర్డరొస్తే వసంతం దాకా లాగుతాను వ్రేనీ. మిలొరాద్‌నీ ఉంచుకుంటాను. రాకపోతే మూసేస్తాను."

ప్రతి నవంబరులో పంది కోతలు అయ్యాక మా పాటల సంఘం ఊరందరికీ విందు పెడుతుంది. నెత్తురు సాసేజ్, కార్జం సాసేజ్, ఉడికించిన మాంసం, పులిసిన క్యాబేజీ. ముప్పై ఒక్క ఏళ్ళుగా మాంసం మా కొట్టుదే. ఆ ఏడు మిగిలిన డబ్బు హాలు పైకప్పు బాగుకు పోవాలి.

ఆ నెల సంఘం సమావేశంలో అధ్యక్షుడు ఓట్మార్, మా అన్న రాసిచ్చిన ధర చదివి, కాగితం బల్ల మీద పెట్టాడు.

"అవతల ఇందులో సగం కూడా లేదు."

"అంత మాంసానికి సుంకం ఎవడు కడతాడు?" అన్నారెవరో.

"సుంకం దేనికి? మనిషికి రోజుకో కిలో ఊరికే తెచ్చుకోవచ్చు. మనం నలభై ముగ్గురం. మొగుళ్ళూ పెళ్ళాలూ కలిస్తే ఎనభై."

నా పక్కన పాడే హెడీ నవ్వింది. "నన్ను పాటకని చేర్చుకుని దొంగరవాణా చేయిస్తారా?"

"దొంగతనమేముందమ్మా, చట్టం ఇచ్చిన కిలోనేగా."

అందరూ నా వైపు చూశారు. "వ్రేనీ, మీ అన్న ఏమన్నా అనుకుంటాడా?" అని ఓట్మార్ అడిగాడు.

"పైకప్పు కారుతున్న మాట నిజమే," అన్నాను. ఓటు పెట్టినప్పుడు నేను చెయ్యెత్తలేదు. వద్దనీ అనలేదు.

ఈ సంగతి అన్నకు ఎవరు చెప్పాలో మాత్రం ఎవరూ అనలేదు. చెల్లెలే కదా, వ్రేని చెబుతుందిలే అని వాళ్ళు. అధ్యక్షుడే చెప్పాలి అని నేను. అన్న వారం వారం అడిగేవాడు.

"ఓట్మార్ ఏమన్నా అన్నాడా?"

"ఇంకా తేల్చలేదన్నయ్యా."

విందుకు ముందు శుక్రవారం డ్యూటీ దిగి నేనూ సరిహద్దు దాటి వెళ్ళాను. నెత్తురు సాసేజ్ కిలోకి ఇరవై గ్రాములు తక్కువ కొన్నాను. మిగతావాళ్ళు ఎలాగూ తెస్తారు, నా ఒక్క కిలో ఆగితే కొట్టు నిలబడుతుందా అనుకున్నాను. నలభై ముగ్గురమూ అదే అనుకుని ఉంటాం. బయటి దేశం వాళ్ళకు అక్కడి పన్ను వెనక్కి రావాలంటే పచ్చ చీటీ మీద ముద్ర వేయించుకోవాలి. కస్టమ్స్ కిటికీ ముందు వరుసలో సగం మా సంఘమే. ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. ముద్ర వేసే ఆఫీసరు నా చీటీ చూసి, "మీ ఊళ్ళో ఏదన్నా పండగా? అందరూ సాసేజ్‌లే," అన్నాడు.

విందుకు అన్న ఎప్పటిలాగే ఆదివారపు కోటు వేసుకుని వచ్చాడు. ఆర్డరు రాలేదని అప్పటికి అర్థమయ్యే ఉంటుంది. ఊరే ఇలా తలా కొంచెం మోసిందని మాత్రం తెలియదు. సాసేజ్ కోసి ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాడు. మా నాన్న వేసే మార్జొరమ్ ఆకు రుచి అందులో లేదు. నమలడం ఆపి బల్ల చుట్టూ చూశాడు. ఒక్కొక్కరే పళ్ళెంలోకి తల దించుకున్నారు.

"ఎలా ఉంది గెబ్‌హార్డ్?" ఏమీ తెలియని పాస్టరు గారు అడిగారు.

"ఉప్పు కాస్త ఎక్కువైందండీ," అన్నాడు. పళ్ళెం ఖాళీ చేశాడు. భోజనం డబ్బు ఇచ్చి, పైకప్పు డబ్బాలో పది ఫ్రాంకులు వేసి వెళ్ళిపోయాడు.

మర్నాడు కొట్టుకు వెళ్ళాను. కొక్కేలకు మూడు పందులు వేలాడుతున్నాయి.

"విందు కోసమని రైతుకి ముందే మాటిచ్చాను," అన్నాడు. "నువ్వెంత తెచ్చావు?"

"ఒక కిలో."

"ఎంతకి?"

"ఎనిమిది యూరోల తొంభై."

తలూపాడు. "ఆ ధరకైతే నేనూ కొంటాను. నీ జీతం నాకు తెలియదా? తెచ్చినందుకు కాదు వ్రేనీ. ఇంకా తేల్చలేదని ఆరు వారాలు చెప్పావు చూడు, అదీ." కత్తి తుడిచి పక్కన పెట్టాడు. "సెప్టెంబరులోనే తెలిస్తే మిలొరాద్‌కి ఎక్కడైనా పని చూసిపెట్టేవాణ్ణి. ఇప్పుడు చలికాలంలో ఎవడు పెట్టుకుంటాడు?"

నిజంగానే ఎవరూ పెట్టుకోలేదు. మిలొరాద్ పెళ్ళాంతో సహా తన దేశం వెళ్ళిపోయాడు. జనవరిలో కొట్టు మూసిన రోజు వీధి చివరిదాకా జనం. ఓట్మార్ చెయ్యి పట్టుకుని, ఊరికి తీరని లోటు అన్నాడు. అన్న అతనికి అడిగినంత తూచి ఇచ్చాడు.

తర్వాత నలభై కిలోమీటర్ల అవతల ఒక మాంసం ఫ్యాక్టరీలో చేరాడు. కదిలే పట్టా ముందు నిలబడి పొద్దస్తమానం ఒకే ఎముక తీయాలి. మూడేళ్ళు తీశాడు. అక్కడే, బట్టలు మార్చుకునే గదిలో పడిపోయాడు. యాభై తొమ్మిదేళ్ళు.

ఆ మూడేళ్ళూ ప్రతి ఆదివారం మా ఇంట్లోనే భోంచేశాడు. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. నవ్వేవాడు, వంట బాగుందనేవాడు. కానీ నేను చెప్పినది ఏదైనా సరే, ఇంకోచోట అడిగి తెలుసుకునేవాడు. వెళ్ళేటప్పుడు బస్సు ఎన్నింటికని అడిగేవాడు. ఐదూ పదికి అన్నయ్యా అనేదాన్ని. సరేనని తలూపి, స్టాపులో కళ్ళజోడు పెట్టుకుని, గోడ మీది పట్టికలో మళ్ళీ చూసుకునేవాడు. నేను వంటింటి కిటికీ లోంచి చూస్తూ ఉండేదాన్ని.