డోరతీ మీద కుళ్ళు

డోరతీ చేతి తొడుగులు పళ్ళతో పట్టి లాగేది. ముందు కుడి చేతిది, తర్వాత ఎడమ చేతిది. ఈ సంగతి తెలుసుకోవాలని రమామణి ఎప్పుడూ అనుకోలేదు. అన్నం తినేటప్పుడు మొగుడు చెప్పాడు.

డోరతీ కెనడా మనిషి. గోధుమ చేల మధ్య ఒక చిన్న ఊళ్ళో టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసేది. ఒక చలికాలపు సాయంత్రం డ్యూటీ దిగి ఇంటికి బయలుదేరింది. ఇల్లు చేరలేదు. మర్నాడు మంచులో శవం దొరికింది. ఎవరు చంపారో ఇప్పటికీ తేలలేదు. ఇదంతా జరిగి అరవై ఏళ్ళు దాటింది. అప్పటికి రమామణి పుట్టలేదు, ఆమె మొగుడు వీరభద్రమూ పుట్టలేదు. అయినా ఆక్లాండ్ శివారు న్యూ లిన్‌లో, రైల్వే స్టేషన్ ఎదుటి అపార్ట్‌మెంటులో, వాళ్ళిద్దరూ ఉండే ఇంట్లో ఏడాదిగా డోరతీ కూడా ఉంటోంది.

వీరభద్రం ప్రొద్దుటూరులో క్రైమ్ రిపోర్టర్‌గా చేసినవాడు. పోలీసుల కంటే ముందే శవం దగ్గరికి చేరతాడని పేరు. రమామణికి ఆక్లాండ్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం వచ్చినప్పుడు, కూతురు అక్షయ చెయ్యి పట్టుకుని ఆయనా వెంట వచ్చాడు. తెలుగులో నేరవార్తలు రాసిపెట్టమని ఇక్కడ ఎవరూ అడగరు. పొద్దుటిపూట సూపర్‌మార్కెట్‌లో సరుకు సర్దుతాడు. మధ్యాహ్నం ఇంటికొచ్చి తన అసలు పనిలో కూర్చుంటాడు. పాత హత్య కేసులను తవ్వి తీసి, తెలుగులో చెప్పి యూట్యూబ్‌లో పెడతాడు. అన్నీ కెనడా కేసులే.

"ఇక్కడివి చెప్పొచ్చు గదా" అని మొదట్లో రమామణి అడిగింది.

"ఇక్కడ చానా కేసుల్లో పేర్లు బయటపెట్టగూడదని కోర్టు చెప్తాది. పేరు లేని శవానికి కథేముంటాది? మన ఊరివి చెప్తే వాళ్ళ చిన్నాయనో బామ్మర్దో ఫోన్ చేస్తాడు. కెనడా అయితే మనకెవురూ చుట్టాలు లేరు."

ఆయన పని తీరు ఒకటుంది. చంపినవాడితో మొదలుపెట్టడు. చచ్చిపోయిన మనిషి ఆ పొద్దున ఎట్లా లేచిందో అక్కడ మొదలుపెడతాడు. ఏం తాగింది, ఏం కట్టుకుంది, గడప దాటేటప్పుడు ఎవరితో ఏమంది. వీటికోసం పాత పేపర్లు చదువుతాడు, కోర్టులో సాక్షులు చెప్పినవి చదువుతాడు, ఆ ఊళ్ళో ఇంకా బతికున్న ముసలివాళ్ళకు ఫోన్ చేస్తాడు. అందులోనూ ఒక నియమం ఉంది.

"ఇంట్లోవాళ్ళని ఆఖర్న అడగాల" అనేవాడు. "వాళ్ళకి ఏమీ తెలీదు. తెలుసనుకుంటారు. టీ అంగడోడికి తెలుస్తాది, టైలర్‌కి తెలుస్తాది. మొగుడికి ఏం తెలుస్తాది?"

తక్కిన కేసులు ఒకటి రెండు భాగాల్లో అయిపోయాయి. టొరంటో డాక్టరు, ఓడరేవులో దొరికిన అన్నదమ్ములు, అందరూ వచ్చారు, వెళ్ళారు. డోరతీ మాత్రం వెళ్ళలేదు. రమామణి ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పేలోపే "ఇవాళ ఒకటి దొరికింది" అనేవాడు. డోరతీ కోటుకు ఒక గుండీ వేరే రంగుది. డోరతీకి కుక్కలంటే భయం. డోరతీ టీలో పాలు ముందు పోసుకునేది. ఆయన ముఖం వెలిగేది. ఆ వెలుగు రమామణి పెళ్ళయిన కొత్తలో చూసింది. అప్పుడది తన వైపు తిరిగి ఉండేది.

ఒకసారి ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు లాప్‌టాప్‌లో డోరతీ ఫోటో చూసింది. వంక దొరుకుతుందేమోనని చూసింది. ముక్కు పెద్దదే. నవ్వు మాత్రం బాగుంది. రమామణికి అది నచ్చలేదు.

ఇంకోసారి, ఇక్కడ చలికాలమైన జూలైలో, ప్లాట్‌ఫామ్ మీద ఎవరూ చూడటం లేదని తేల్చుకుని, తన చేతి తొడుగును పళ్ళతో పట్టి లాగింది. నాలుకకు ఉన్ని అంటుకుంది. ఉమ్మేసింది. చచ్చిపోయినదాని మీద కుళ్ళుకుంటున్నానని ఆ క్షణాన ఆమెకే అర్థమైంది. అర్థమైనంత మాత్రాన తగ్గలేదు. బతికున్న ఆడమనిషైతే తిట్టొచ్చు, జుట్టు పట్టుకోవచ్చు, కనీసం అది ముసలిదైపోతుందని ఎదురుచూడొచ్చు. డోరతీ ముసలిది కూడా కాదు.

ఆ తర్వాత ఒక ఆదివారం అన్నం తింటూ వీరభద్రం చెప్పాడు.

"రమా, నేను కెనడా పోదామనుకుంటాండా."

"ఎందుకు?"

"ఆమె ఆ సాయంత్రం నడిచిన దోవ ఇంకా అట్లే ఉందంట. మంచు లేనప్పుడు ఆ దోవ ఒకసారి నడిచి చూడాల. సూపర్‌మార్కెట్‌లో సెలవు అడిగినా. ఇస్తామన్నారు."

ఇన్నేళ్ళలో ఆయన సెలవు అడిగింది లేదు. దూరాన ఉన్న డునెడిన్‌లో అక్షయ ఆసుపత్రి ఉద్యోగంలో చేరి ఇల్లు తీసుకుంటే, చూసి రావడానికి రమామణి ఒక్కతే వెళ్ళింది. వద్దనాలనుకుంది. వద్దంటే ఎందుకని అడుగుతాడు. ఏమని చెప్పాలి?

"పోండి" అంది. చెంబులో నీళ్ళు తాగింది. చెంబు దించి, "ఒక్కటి చెప్పి పోండి. ఈ పొద్దు నేను చచ్చిపోయినా అనుకోండి. డోరతీకి చేసినట్టు నాకూ చేస్తారా?" అంది.

"ఏంది రమా ఆ మాటలు!"

"చేయండి. పొద్దున కాడ మొదలుపెట్టండి. ఆదివారం వద్దు, ఆఫీసు రోజుది చెప్పండి."

వీరభద్రం నవ్వాడు. నవ్వి, గొంతు సవరించుకుని, వీడియోలో చెప్పినట్టే అందుకున్నాడు. "రమామణి పొద్దున్నే లేచింది. కాఫీ తాగింది. ఏడున్నర రైలుకి..."

"ఆ రైలు మానేసి చానా రోజులైంది. ముందు బండికి పోతాండా."

"ఆ పొద్దుకి నేను డ్యూటీలో ఉంటా గదా, నాకెట్ల తెలుస్తాది?"

"డోరతీ లేచేటప్పుడు మీరు యాడ ఉన్నారు?"

రమామణి లేచి కంచాలు తీసింది. ఆయన ఆ సాయంత్రం లాప్‌టాప్ తెరవలేదు. ఆమెకు కాస్త తృప్తి కలిగింది. మర్నాడు తెరిచాడు. తృప్తి పోయింది.

ఆ వారం మధ్యలో స్టేషన్ దగ్గర, ఇక్కడివాళ్ళు డైరీ అనే చిల్లర కొట్టు నడిపే గుజరాతీ పెద్దాయన పాలు ఇస్తూ, మీ ఆయన వచ్చి చాలాసేపు మాట్లాడి వెళ్ళాడని చెప్పాడు. ఏం మాట్లాడాడంటే, ఏవేవో అని దాటేశాడు. తర్వాత ఆఫీసు కింద కాఫీ షాపులో పనిచేసే అమ్మాయి రమామణి ముఖంలోకి చూడకుండా కాఫీ ఇచ్చింది. పక్కన అడగని బిస్కెట్టు ఒకటి పెట్టింది. ఎవరో పోయినవాళ్ళ ఇంట్లోవాళ్ళను పలకరించినట్టు ఉంది ఆ బిస్కెట్టు.

శుక్రవారం మేనేజర్ ట్రేసీ పిలిచింది. చిన్న మీటింగ్ గది. ట్రేసీ తలుపు మూసింది, అద్దాల మీద తెర దించింది, టిష్యూల డబ్బా రమామణి చేతికి అందేంత దగ్గరికి జరిపింది. ఉద్యోగం పోయిందనుకుంది రమామణి.

"రమా, నేరుగా అడుగుతాను" అంది ట్రేసీ ఇంగ్లీషులో, మెల్లగా. "ఇంట్లో నువ్వు క్షేమంగా ఉన్నావా?"

"ఉన్నాను. ఎందుకు?"

"మీ ఆయన కింద కాఫీ షాపుకి వస్తున్నాడు. నువ్వు ఎన్ని గంటలకు వస్తావు, ఎవరితో కూర్చుంటావు, ఏం తింటావు అని అడుగుతున్నాడు. వెళ్ళేటప్పుడు ఏ దారిన వెళ్తావని కూడా అడిగాడట. ఆ అమ్మాయి భయపడిపోయింది."

ఒక్క క్షణం రమామణికి ఏమీ తోచలేదు. తర్వాత తోచింది. ఇంట్లోవాళ్ళని ఆఖర్న అడగాల.

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వు ఆపుకోబోతే కళ్ళలో నీళ్ళొచ్చాయి. ట్రేసీ టిష్యూ లాగి చేతిలో పెట్టింది.

"ఆయనకు అనుమానమా? అసూయా?"

"ఆయనకు కాదు. నాకు."

"నీకా? ఎవరి మీద?"

"కెనడాలో ఒకామె."

ట్రేసీ ముఖం గట్టిపడింది. "ఆయనకు ఆమెతో సంబంధం ఉందా?"

"ఆమె చచ్చిపోయింది."

"అయ్యో. ఎప్పుడు?"

"అరవై ఏళ్ళు దాటింది. ఎవరో చంపేశారు."

ట్రేసీ టిష్యూల డబ్బాను ఇంకాస్త దగ్గరికి జరిపింది. తర్వాత, ఇలాంటి ఇబ్బందులున్న వాళ్ళకు చట్టప్రకారం సెలవు ఉందని, ఎవరికీ తెలియకుండా తీసుకోవచ్చని, ఇవాళ్టికి ఇంటికి వెళ్ళాలని లేకపోతే వెళ్ళనక్కరలేదని చెప్పింది. రమామణి మొదటి నుంచీ చెప్పుకొచ్చింది: ప్రొద్దుటూరు, పేపరు, యూట్యూబ్, ఆదివారం తాను విసిరిన సవాలు. చెబుతుంటే తనకే నమ్మబుద్ధి కాలేదు. చివరికి ట్రేసీ ఫోన్ తీసి వీరభద్రం వీడియో తెరిచింది. మీసాల మనిషి ఒకాయన వేళ్ళు పళ్ళ దగ్గర పెట్టుకుని లేని తొడుగును లాగి చూపిస్తున్నాడు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా ట్రేసీ చివరిదాకా చూసింది.

"ఇలాగే నీ గురించి అడుగుతున్నాడా?" అంది.

"అవును."

"మా ఆయనకు నేను టీ తాగుతానో కాఫీ తాగుతానో కూడా తెలియదు" అంది ట్రేసీ. ఆ గొంతులో ఉన్నది రమామణి గుర్తుపట్టింది. ఏడాదిగా తన గొంతులో ఉన్నదే.

రైల్లో ఉండగా అక్షయ ఫోన్ చేసింది.

"అమ్మా, నాన్నకి ఏమైంది? గంటసేపు నన్ను ఇంటర్వ్యూ చేశాడు. అమ్మ దేనికి భయపడుతుంది, అమ్మ చిన్నప్పుడు ఏం అవ్వాలనుకుంది... నువ్వు బానే ఉన్నావ్ కదా? నీకేమైనా టెస్ట్ రిజల్ట్ వచ్చిందా?"

"ఏం లేదు లేమ్మా. నువ్వేం చెప్పావు?"

"నాకు తెలీదని చెప్పా. నిజంగా తెలీదు మరి. యూ టూ ఆర్ సో వియర్డ్."

కూతుర్ని అడిగాడంటే ఆఖరికి వచ్చాడన్నమాట. ఇక మిగిలింది ఎవరూ లేరు. రమామణి కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఒక బతికున్న మనిషి గురించి ఇంత తిరిగాడు. సిగ్గేసింది. సిగ్గు కింద ఇంకొకటి ఉంది, దాన్ని ఆమె కదిలించకుండా అట్లాగే ఉంచుకుంది.

ఇంటికి వచ్చేసరికి వీరభద్రం బల్ల దగ్గర ఊరికే కూర్చుని ఉన్నాడు. "ఇవాళ ఒకటి దొరికింది" అనలేదు. రమామణి చెప్పులు విప్పింది, చేతులు కడుక్కుంది, వంటకు కూర్చుంది.

"నా ఆఫీసు కాడికి పోయినారంట" అంది.

"పోయినా."

"మా మేనేజరు మిమ్మల్ని పోలీసులకు పట్టిద్దామనుకుంది."

"నన్నా? నేనేం చేసినా? ఊరికే అడిగినా గదా!"

"పెండ్లాం ఏ దోవన పోతాదని మొగుడు అడిగితే ఇక్కడ ఊరికే అనుకోరు."

ఆయన కాస్త తగ్గాడు. కొంతసేపు బల్ల మీద వేలితో గీతలు గీశాడు.

"నువ్వు పెద్దగా నవ్వుతావంట" అన్నాడు.

"ఎవరన్నారు?"

"కాఫీ అమ్మాయి. నీ పేరు ఆ అమ్మాయికి తెలీదు. ఇండియన్ ఆంటీ అంటే ఏ ఆంటీ అనింది. ఫోటో చూపిస్తే, ఓ, నవ్వే ఆమెనా అనింది. ఇంట్లో నేనెప్పుడూ విన్లేదే."

రమామణి వెల్లుల్లి తీసుకుంది. రెబ్బలు ఒలవసాగింది.

"బయట కాఫీ కుడితి నీళ్ళంటావు. దాల్చిన చెక్క పొడి చల్లించుకుని తాగుతావంట గదా రోజూ."

"తాగుతా."

"పేపర్లో పజిల్ నింపుతావంట. ఇంగ్లీషుది."

"నింపుతా."

"ఒక్కదానివే కాదంట."

రమామణి చేతులు ఆగాయి. ఆయన ఆమె వైపు చూడటం లేదు. గోడ వైపు చూస్తున్నాడు. ఆ గొంతు శవాల గురించి మాట్లాడే గొంతు కాదు. రమామణి తల వంచుకుంది, ముఖం కనబడకుండా.

"కెనడా టికెట్ ఎప్పుడు తీస్తాండారు?" అంది.

"చూద్దాం లే. ఇప్పుడు పోతే మంచు కరిగిపోయుంటాది. మంచు లేకుండా ఆ దోవ చూసి ఏం లాభం?"

ఆదివారం మంచు లేనప్పుడే నడిచి చూడాలన్నాడు. రమామణి గుర్తుచేయలేదు. "సెలవిస్తామన్నారు గదా, పోయి రండి" అంది.

"వద్దు లే. అంత దూరం పోయి వారాల తరబడి ఉంటే ఇక్కడ నువ్వొక్కదానివే..." వాక్యం అక్కడ వదిలేశాడు. ఆయన వీడియోల్లో ఎప్పుడూ అట్లా వదలడు. లేచి, కుళాయి దగ్గరికి వెళ్ళి, దాహం లేకుండానే గ్లాసులో నీళ్ళు పట్టాడు. ఆమెకు వీపు పెట్టి నిలబడ్డాడు.

"ఆ గ్రాహం అనేటాయన... నీకోసం కుర్చీ పట్టి పెడతాడంట. ఎట్లాంటోడు?"

గ్రాహం ఆఫీసులో తోటి మనిషి, పజిల్ నింపేది అతనితోనే; ఈ ఏడు రిటైరవుతాడు. డేవిడ్ అనే అతనితో కాపురం. వాళ్ళ కాపురానికి వీరభద్రం, రమామణిల పెళ్ళికి ఉన్నంత వయసుంది. డేవిడ్ చేసిన కేకు గ్రాహం సోమవారాలు తెస్తాడు, రమామణికి ఒక ముక్క పెడతాడు, డేవిడ్ గురించే మాట్లాడతాడు. ఒక్క మాట చెబితే అయిపోయేది. మొగుడు గ్లాసు దించి, మళ్ళీ లాప్‌టాప్ ముందు కూర్చునేవాడు.

రమామణి వెల్లుల్లి పొట్టు ఊది, రెబ్బలు గిన్నెలో వేసింది.

"మంచోడే" అంది.

"మంచోడంటే?"

"మీరు రిపోర్టర్ గదా. కనుక్కోండి."