ఓడినాయన తిన్నాడా?

పోయిన నెల ఒక ఉదయం అనంతపురంలో నేను ఆఫీసుకు బయల్దేరుతుంటే ఊరి నుంచి బావ ఫోన్ చేశాడు. "అమ్మ పోయిందప్పా. తెల్లారి లేపితే లేయల్యా" అన్నాడు. మళ్లీ అతనే, "హోటలు కాడికి మనుషులొచ్చి నిలబడినారు. వాళ్లకేం చెప్పాల్నో తెలీల్యా" అన్నాడు.

ఆమె మా మేనత్త. మా ఊరి బస్టాండు పక్కన రేకుల కింద చాలా ఏండ్లు ఉగ్గాని హోటలు నడిపింది. బొరుగులు, అంటే మరమరాలు, నీళ్లలో వేసి, గట్టిగా పిండేసి, తిరగమోతలో కలిపి, పైన పుట్నాల పొడి చల్లితే ఉగ్గాని. పక్కన మిరపకాయ బజ్జి ఉండి తీరాలి. మా వైపు తెల్లవారేది దీనితోనే. అత్త అందరిలా ముందే నానేసి పెట్టుకునేది కాదు. మనిషి వచ్చి కూర్చున్నాకే బొరుగులు నీళ్లలో పడేవి. ఆలస్యమవుతోందని ఎవరైనా గొణిగితే, "మెత్తబడింది కావాలంటే పక్క హోటలుకు పో నాయనా" అనేది. పక్కన ఇంకో హోటలు లేదు.

అప్పట్లో మా ఊరు ఒక అసెంబ్లీ నియోజకవర్గానికి కేంద్రం. ఇప్పుడా నియోజకవర్గమే లేదు. పునర్విభజనలో దాని మండలాలు కొన్ని ఇటు, కొన్ని అటు పోయాయి. దాని చరిత్ర ఎవరైనా రాయదలిస్తే గెలిచినవాళ్ల పేర్లు, పార్టీలు వరసగా రాస్తారు. మా అత్తకు ఒక్క పేరూ నిలిచేది కాదు. ఆమెకు వాళ్లంతా 'బజ్జి వద్దన్నాయన', 'నిలబడే తిన్నాయన', 'కారానికి కండ్లనీళ్లు పెట్టుకున్నాయన'. ఆయన మంత్రి కూడా అయ్యాడత్తా అంటే, "కావొచ్చులే, కారం మాత్రం తినలేడు" అనేది.

ఆ నాయకులంతా ఆమె హోటల్లో ఎందుకు తిన్నారో మా నాయన చెప్పేవాడు. ఓట్ల లెక్కింపు అనంతపురంలో జరుగుతుంది. ఓడిపోతున్నవాడు లెక్క పూర్తి కాకముందే లేచి ఇంటిదారి పడతాడు. అట్లా ఒకాయన ఒంటరిగా బస్టాండులో దిగితే, నిన్నటిదాకా వెంట తిరిగినవాళ్లు ముఖం తిప్పుకున్నారట. అత్త పిలిచి కూర్చోబెట్టి ఉగ్గాని పెట్టింది. పక్కవాళ్లు ఎకసెక్కాలాడితే, "గెలిచినోడికి ఊరంతా పెడ్తాది. ఈయనకు ఎవురు పెడ్తారు?" అంది. తర్వాతి ఎన్నికల్లో అదే మనిషి గెలిచాడు. ఊరేగింపును హోటలు ముందు ఆపించి, తినబోతూ, "ఓడినాయన తిన్నాడా అక్కా?" అని అడిగాడు. లేదని అత్త చెబితే, ఆయన్ను పిలిపించి తినిపించాకే తను తిన్నాడు. అప్పటి నుంచి అదొక కట్టుబాటయింది. ఎవరు గెలిచినా ముందు ఆ మాట అడగాల్సిందే, ఓడినాయన తిన్నాకే చెయ్యి కడుక్కోవాల్సిందే.

నేను దగ్గరుండి చూసిన సాయంత్రం ఒకటుంది. ఆ ఏడు ఓడినాయన హోటలు ముందు జీపు ఆపకుండా వెళ్లిపోయాడు. వెనకాలే తప్పెట్లతో, రంగులతో గెలిచినాయన వచ్చాడు. కట్టుబాటు ప్రకారం అడిగాడు. "నిలపకుండా పోయినాడు" అంది అత్త. ఆయన తప్పెట్లు ఆపించి, మనిషిని పంపాడు. ఓడినాయన వచ్చాడు గానీ గడప దాటలేదు.

"ఓడగొట్టింది చాలక, కూడు పెట్టి నగుతారా?" అన్నాడు.

"నేను నగల్యా నాయనా. బొరుగులు నానేసినా, కూకో" అంది అత్త.

ఆయన కూర్చోలేదు. వెళ్లిపోయాడు. గెలిచినాయన కూడా లేచాడు. "ఆయన తినకుంటే నాకెట్ల దిగుతాదక్కా" అని మెడలోని దండ తీసి చేత్తో పట్టుకుని నడిచి వెళ్లాడు. బల్ల మీద ఇద్దరికని పెట్టిన రెండు ప్లేట్లు అట్లాగే ఉండిపోయాయి. అత్త వాటిని చాలాసేపు చూసి, "మళ్లా ఎలచ్చన్లకు తింటార్లే" అంది.

మళ్లీ ఎన్నికలు వచ్చేసరికి మా నియోజకవర్గం లేదు.

"సీటు తీసేసినారు గదమ్మా, ఇంక ఎవురూ రారు" అని బావ ఎంత చెప్పినా ఆమెకు ఎక్కలేదు. "సీటు పోతే పోనీలే. మనుషులు యాడికి పోయినారు?" అని ఎదురు అడిగేది. కొత్త నియోజకవర్గం ఊరేగింపులు వేరే దారిన పోయేవి. అయినా లెక్కింపు రోజున అత్త బొరుగుల గంప దగ్గర పెట్టుకుని, బేసిన్లో నీళ్లు పోసుకుని, రోడ్డు మీద బండి శబ్దం అయినప్పుడల్లా తలెత్తేది. ఆ సాయంత్రం తినని వాళ్లిద్దరికీ కబురు పంపుతానని నేనంటే ఒప్పుకోలేదు. "పిలిచి పెడితే అది పెండ్లి బోజనం. వాళ్లంతట వాళ్లే రావాల. ఆ రెండు ప్లేట్లు ఇంగా నా కండ్ల ముందరే ఉండాయప్పా" అంది. మిగతా అందరికీ తిండిని బట్టి పేరు పెట్టిన మనిషి, ఆ ఓడినాయన్ను మాత్రం 'తినకుండా పోయినాయన' అనే అనేది. అనేటప్పుడు గొంతు తగ్గేది.

ఆ సాయంత్రాలంటే నాకు ఇప్పటికీ బెంగ. తప్పెట్లు ఆగి, ఊరంతా ఒక మనిషి తినడం కోసం నిలబడిన సాయంత్రాలు మళ్లీ ఎక్కడా చూడలేదు.

అత్త దినాల రోజు పొద్దున్నే హోటలు ముందు ఒక కారు ఆగింది. ఆ సాయంత్రం గెలిచినాయన దిగాడు. బాగా ముసలివాడయ్యాడు. లోపలికొచ్చి ఆమె పటానికి దండం పెట్టి, బెంచీ మీద కూర్చున్నాడు. ఏమీ అడగలేదు. కాసేపటికి అనంతపురం బస్సు దిగి, చేతికర్రతో ఇంకొకాయన వచ్చాడు. గడప దగ్గర ఒక్క క్షణం ఆగాడు. ఈసారి దాటాడు.

బావ భార్య బొరుగులు నీళ్లలో వేసింది. ఉగ్గాని చేసి, అత్త నేర్పిన పద్ధతిలో మొదటి ప్లేటు ఓడినాయన ముందు పెట్టబోయింది. గెలిచినాయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"మా సీటే లేకుండా పోయె. ఇంక గెలిచినోడు యాడుండాడమ్మా? ఇద్దరికీ ఒగేసారి పెట్టు."

ఇద్దరూ తలలు వంచుకుని తిన్నారు. ఓడినాయన ప్లేటు ఖాళీ చేసి, చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చుని, "ఇంగొంచెం పెట్టుమ్మా" అన్నాడు.

అత్త పెట్టిన ఆయన పేరు ఆ క్షణం నుంచి మారాలి. మార్చేవాళ్లే లేరు. అత్త కూర్చునే పీట పక్కన బేసిన్లో నీళ్లు ఇంకా కదులుతున్నాయి. చేతికి అందకుండా మిగిలిన బొరుగులు రెండు మూడు వాటి మీద తేలుతున్నాయి.